గట్టున ఇద్దరు - నీటిలో ఒకడు

బాల్యంలో చూచిన వింతలలో పెక్కు మనిషి పెరిగి పెద్దయ్యేలోగా మరుగున పడిపోతాయి. ఏ తిరునాళ్ళలోనో ఎక్కిన రంగులరాట్నం, ఏ సర్కసు డేరాలోనో చూచిన ఏనుగు కొంతకాలం కలలలో మెదలి, తరువాత పేరు మాత్రమే మిగిల్చి పోతాయి. కాని ఎవరో ఒకరి విషయంలో ఒక పూట చూచిన వింత ఆ పూటతో ముగియదు. అది వారి చదువును నిర్ణయిస్తుంది, వృత్తిని నిర్ణయిస్తుంది. ఒక్కొక్కప్పుడు మృత్యువును కూడా నిర్ణయిస్తుంది. అమెరికాలోని ఒక సాగరోద్యానాన్ని చిన్నతనంలో చూచివచ్చిన ఇద్దరి కథ అటువంటిది.

ఫ్లారిడా రాష్ట్రంలోని ఆర్లాండో నగరం సముద్రతీరాన లేదు. అలల హోరు అక్కడికి వినిపించదు. అయినా 1973లో అక్కడ 'సీవరల్డ్' అనే సాగరోద్యానం వెలసింది. దాని వెనుక కొంత చరిత్ర ఉన్నది. 1938లో అదే రాష్ట్రంలో, సెయింట్ అగస్టీన్ పట్టణానికి చేరువలో, నీటి అడుగున చలనచిత్రాలు తీయడానికని పెద్ద తొట్లు కట్టి డాల్ఫిన్లను విడిచారు. వాటిని చూడవచ్చిన జనానికి అంతులేకపోయింది. 1964లో కాలిఫోర్నియాలోని శాండియాగోలో సీవరల్డ్ మొదటి ఉద్యానం తెరిచారు. మరుసటి ఏడు పసిఫిక్ తీరపు నీళ్ళలో పట్టిన ఒక ఆడ ఓర్కాను తెచ్చి, 'షాము' అని పేరుపెట్టి ఆడించారు. 1971లో ఆ షాము చనిపోయినా పేరు చావలేదు. తరువాత వచ్చిన ఓర్కాలెన్నో ఆ పేరుతోనే ప్రేక్షకుల ముందుకు వచ్చాయి. పాత్రధారి మారినా పాత్ర మారని నాటకం అది.

ఓర్కా అంటే నల్లని మేను, తెల్లని పొట్ట, కంటి వెనుక తెల్లని మచ్చ గల పెద్ద జలచరం. ఇంగ్లీషువారు దానిని 'కిల్లర్ వేల్' అన్నారు గాని, శాస్త్రజ్ఞుల లెక్కలో అది డాల్ఫిను కుటుంబానిది. తెలుగు చదివినవారికి ఇక్కడ ఒక మాట స్ఫురిస్తుంది. తిమి అంటే మహామత్స్యం. తిమిని సైతం మ్రింగేది తిమింగిలం. వాడుకలో ఈ మాట వేల్ అనే ప్రాణికి స్థిరపడిపోయింది. కాని గుంపుగా వెళ్ళి ఆ వేల్‌లనే వేటాడగల ఓర్కాకు అది మరింత అతుకుతుంది. ఇంతటి వేటకాడు సముద్రంలో మనిషిని చంపినట్లు నమ్మదగిన దాఖలా ఒక్కటీ లేదు.

1969లో పుట్టిన డాన్ అనే బాలిక ఇండియానా రాష్ట్రంలో సెడార్ లేక్ అనే చిన్న ఊరిలో పెరిగింది. ఆరుగురు బిడ్డలలో ఆమె కడగొట్టుది. సుమారు పదేండ్ల వయస్సులో తల్లిదండ్రులతో ఆర్లాండో వెళ్ళి షాము ఆట చూచింది. పెద్దయిన తరువాత తాను చేయదలచిన పని ఇదేనని ఆనాడే తల్లితో చెప్పింది. పిల్లలు అటువంటి మాటలు నూరు చెబుతారు. రైలు చూచి డ్రైవరునవుతామంటారు, సిపాయిని చూచి సిపాయినవుతామంటారు. డాన్ మాత్రం మాట తప్పలేదు. దక్షిణ కెరొలైనా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రమూ జంతుప్రవర్తనా చదివింది. న్యూజెర్సీలోని ఒక వినోదోద్యానంలో రెండేండ్లు డాల్ఫిన్లతో పనిచేసింది. 1994లో, తాను చిన్నప్పుడు చూచిన ఆ ఆర్లాండో ఉద్యానంలోనే ఉద్యోగంలో చేరింది. మొదట నీటిపిల్లులు, సముద్రసింహాలు. 1996 నుంచి ఓర్కాలు. పెండ్లి తరువాత డాన్ బ్రాంషో అయిన ఆమె ముఖం కొంతకాలానికి ఆ సంస్థ ప్రకటన ఫలకాల మీదికి ఎక్కింది. ఆ చిత్రం చూచి ముచ్చటపడిన బాలికలలో, తామూ అంతటివారం కావాలని తల్లితో చెప్పినవారు ఎందరుంటారో!

జాన్ హార్‌గ్రోవ్ అనే టెక్సస్ బాలుడు ఆరేండ్లవాడై ఉండగా అదే ఉద్యానానికి వెళ్ళాడు. అతడూ ఆ గట్టున కూర్చుండి అదే కల కన్నాడు. 1993లో శాన్ అంటోనియోలోని సీవరల్డులో పని నేర్చుకొనేవాడుగా చేరి, అక్కడా కాలిఫోర్నియాలోనూ ఫ్రాన్సులోనూ ఓర్కాలను ఆడించి పేరుమోసిన శిక్షకుడైనాడు.

బాలలకు కనిపించే ఆట వేరు, శిక్షకులు చేసే పని వేరు. ఓర్కాను కొట్టి నేర్పడం సాధ్యం కాదు. అది కోరిన పని చేసిన క్షణాన శిక్షకుడు ఈల ఊదుతాడు. ఈల వెంట చేప దొరుకుతుంది. ఈలకు చేపకు గల సంబంధం మనస్సున నాటుకొన్న తరువాత, ఒక్కొక్క మెట్టుగా ఎగరడం, తిరగడం, మనిషిని ముక్కు మీద నిలిపి నీటిలోనుంచి పైకి లేపడం నేర్పేవారు. బడిలో పంతులు 'భళా' అన్న మాటకు పిల్లవాడు పొంగిపోయినట్లే ఇదీ అని ఉపాధ్యాయులకు తోచవచ్చు. అయితే ఒక భేదం ఉన్నది. బడి పిల్లవాడు సాయంకాలం గంట కొట్టగానే ఇంటికి పోతాడు.

ఇంటికి పోని ఆ మూడవ బాల్యాన్ని గురించి ఇక చెప్పాలి.

1960, 70 దశాబ్దాలలో అమెరికా వాయవ్య తీరంలో ఓర్కా పిల్లలను వలలతో పట్టి ఉద్యానాలకు అమ్మేవారు. 1976 తరువాత వాషింగ్టన్ రాష్ట్రపు నీళ్ళలో ఆ వేట ఆగిపోగా, వర్తకుల చూపు ఐస్‌లాండు వైపు మళ్ళింది. 1983 నవంబరులో అక్కడి తూర్పు తీరాన సుమారు రెండేండ్ల మగపిల్ల ఒకటి చిక్కింది. దానికి 'టిలికుమ్' అని పేరుపెట్టారు. పసిఫిక్ తీరపు ఆదివాసుల వ్యాపార భాషలో ఆ మాటకు 'మనవాళ్ళు' అని అర్థం. తనవాళ్ళకు దూరమైన బిడ్డకు పెట్టిన పేరది.

ఓర్కాలకు కుటుంబమంటే తల్లి. కొన్ని జాతులలో మగబిడ్డ సైతం ఎంత పెరిగినా జీవితాంతం తల్లి చెంతనే ఈదుతాడు. ఒక్కొక్క గుంపుకు తనదైన కూతల వాడుక ఉన్నది. పిల్లలు దానిని పెద్దలవద్ద నేర్చుకుంటాయి. మాండలికం అనే మాటను శాస్త్రజ్ఞులు ఇక్కడ సంకోచం లేకుండా వాడుతున్నారు. టిలికుమ్‌ను కెనడాలోని విక్టోరియా నగరం చేరువనున్న ఒక చిన్న ఉద్యానానికి తెచ్చి రెండు ఆడ ఓర్కాలతో కలిపి ఉంచారు. అవి దానిని పళ్ళతో గీరి హింసించేవి. సముద్రంలో అయితే పారిపోవడానికి చోటున్నది, తొట్టిలో లేదు. 1991 ఫిబ్రవరిలో అక్కడ పనిచేస్తున్న ఒక విద్యార్థిని కాలుజారి నీటిలో పడగా ఆ మూడు ఓర్కాలు ఆమెను పైకి రానీయలేదు. ఆ ఉద్యానం మూతపడింది. 1992లో టిలికుమ్ ఆర్లాండోకు చేరింది. 1999లో, మూసివేసిన తరువాత లోపలే ఉండిపోయిన ఒక వ్యక్తి మరునాటి ఉదయం దాని తొట్టిలో శవమై కనిపించాడు.

2010 ఫిబ్రవరి 24న మధ్యాహ్న ప్రదర్శన ముగిసింది. డాన్ బ్రాంషో గట్టు అంచున పడుకొని టిలికుమ్‌తో ముచ్చటిస్తున్నది. ప్రేక్షకులు ఇంకా అక్కడే ఉన్నారు. అంతలో అది ఆమెను నీటిలోకి లాగింది. తోటివారు వలలు వేసినా వదలలేదు. ఆమె వయస్సు నలభై. ఆ ఉద్యానంలో ఆమె అనుభవం పదహారేండ్లు. పదేండ్లనాడు కన్న కల అక్కడ అంతమైనది.

తరువాత వాదవివాదాలు చెలరేగాయి. కార్మికుల భద్రతను చూచే ప్రభుత్వ శాఖ ఆ సంస్థను తప్పుపట్టింది. ప్రదర్శన సమయంలో శిక్షకులు ఓర్కాలకు దూరంగానో, అడ్డుకట్ట వెనుకనో ఉండాలన్న నిర్ణయాన్ని 2014లో అప్పీలు కోర్టు స్థిరపరచింది. 2013లో వెలువడిన 'బ్లాక్‌ఫిష్' అనే చిత్రం టిలికుమ్ కథను లోకానికి తెలిపింది.

ఆ చిత్రంలో మాట్లాడినవారిలో జాన్ హార్‌గ్రోవ్ ఒకడు. 2012లో అతడు ఉద్యోగం మానుకొన్నాడు; 2015లో తన అనుభవాలను పుస్తకంగా ప్రకటించాడు. కసాట్కా అనే తల్లి ఓర్కానుంచి టకారా అనే కూతురిని 2004లో విడదీసి వేరొక ఉద్యానానికి పంపిన వృత్తాంతం అతడు చెప్పగా విన్నవారు మరువలేరు. కూతురు పోయిన తరువాత తల్లి అంతకుముందెన్నడూ వినని కూతలు కూసినదట. అవి దూరానున్నవారిని పిలిచే కూతలని పరిశోధకులు తేల్చారట. సంస్థవారు ఈ ఆరోపణలను అంగీకరించలేదు, చిత్రం ఏకపక్షమన్నారు. గాయపడి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన వేలాది ప్రాణులను తమ సిబ్బంది కాపాడినదీ చూడాలన్నారు. ఆ సేవ నిజమే. అయినా 2016 మార్చిలో, ఇకమీదట ఓర్కాలచేత పిల్లలను పెట్టించబోమని, ఉన్నవే కడపటి తరమని ఆ సంస్థే ప్రకటించింది. 2017 జనవరి 6న టిలికుమ్ చనిపోయింది. ముప్పది మూడేండ్లపాటు అది సముద్రం చూడలేదు.

భారతదేశంలో కేంద్ర పర్యావరణ శాఖ 2013లోనే డాల్ఫిన్ల ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలకు తెలియజేసింది. ఫ్రాన్సులో జాన్ పనిచేసిన ఆంటీబ్ పట్టణపు సాగరోద్యానం 2025 జనవరిలో ప్రజలకు తలుపులు మూసింది.

డాన్ చూచిన అందం అబద్ధమా అంటే, కాదనే చెప్పాలి. అంత పెద్ద ప్రాణి నీటిని చీల్చుకొని ఆకాశానికి లేవడం ఏ బాలుడైనా నోరు తెరచి చూడదగిన దృశ్యమే. ఆమె ప్రేమ నిజమైనది. బాలలను, ప్రాణులను గుర్తుచేసే ఒక సంస్థను ఆమె పేర నెలకొల్పారు. జాన్ ప్రేమా నిజమైనదే. ఆ ప్రేమవల్లనే అతడు ఉండలేక బయటికి వచ్చాడు. గట్టున కూర్చున్న బిడ్డకు ఆట చూపినవారు ఆ ప్రాణి ఎక్కడిది, దాని తల్లి ఏది అన్న సంగతి చెప్పలేదు. అడగడానికి ఆ వయస్సు చాలదు. ఆ ప్రశ్న ప్రక్కన కూర్చున్న పెద్దవారిది.

వాషింగ్టన్ రాష్ట్రంలో శాన్ హువాన్ ద్వీపపు పడమటి ఒడ్డున లైమ్‌కిల్న్ అనే కొండకొమ్ము ఉన్నది. మొదటి షాము పుట్టిపెరిగిన నీళ్ళు అక్కడికి దగ్గరే. అక్కడ ఈల లేదు, చేపల బకెట్టు లేదు, ఆటకు వేళ లేదు. పిల్లలు రాళ్ళ మీద కూర్చుండి సముద్రం వైపు చూస్తుంటారు. ఒక్కొక్కనాడు సాయంకాలం దాకా ఏమీ కనిపించదు; ఉత్తచేతులతో ఇంటికి పోతారు. ఒక్కొక్కనాడు దూరాన నల్లని రెక్క ఒకటి లేస్తుంది. దాని ప్రక్కనే చిన్న రెక్క మరొకటి లేస్తుంది.