టిక్కు తీసేస్తే ఫైలు ఎక్కడికి పోతుంది?

క్లౌడ్‌లో ఫైళ్లు దాచుకునేవాళ్లకు ఏదో ఒక రోజు ఈ భయం తప్పదు. డిస్కు నిండిపోయిందని కంప్యూటర్ హెచ్చరిస్తుంది. డ్రాప్‌బాక్స్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో సెట్టింగులు తెరిస్తే ఫోల్డర్ల జాబితా, ఒక్కోదాని పక్కన ఒక చిన్న గడి కనిపిస్తాయి. పాత పెళ్లి వీడియోల ఫోల్డరుకున్న టిక్కు తీసేసి ఓకే నొక్కగానే అది కళ్లముందే మాయమవుతుంది. నిజానికి దానికేమీ కాలేదు. సర్వర్లలో భద్రంగా ఉంది. వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది, ఫోన్‌లో కనిపిస్తుంది. అదే ఫోల్డరును డిలీట్ చేసి ఉంటే మాత్రం సర్వర్‌లోంచి, ఆ ఖాతాతో ముడిపడ్డ మిగతా కంప్యూటర్లన్నిటిలోంచి కూడా పోయేది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. జరిగేవి మాత్రం పూర్తిగా వేర్వేరు.

ఈ తేడాను యంత్రానికి నేర్పి, ఆ చిన్న గడిని మన ముందు పెట్టడానికి పాతికేళ్లకు పైగా పట్టింది.

కథ అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మొదలవుతుంది. 1980ల మొదట్లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఐబీఎం కలిసి క్యాంపస్ మొత్తానికి పనికొచ్చే కంప్యూటర్ వ్యవస్థ ఒకటి కట్టడానికి పూనుకున్నాయి. ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్‌ల పేరు మీద దానికి ఆండ్రూ అని పేరు పెట్టారు. అందులో ఫైళ్ల సంగతి చూసుకునేది ఆండ్రూ ఫైల్ సిస్టమ్. దాన్ని తీర్చిదిద్దినవారిలో ముఖ్యులు మహదేవ్ సత్యనారాయణన్. మద్రాసు ఐఐటీలో చదువుకుని, పిట్స్‌బర్గ్ వెళ్లి 1983లో అక్కడే డాక్టరేట్ పూర్తిచేశారు. ఎవరైనా ఫైలు తెరిస్తే సర్వర్ నుంచి దాన్ని మొత్తంగా తెచ్చి ఆ మనిషి ముందున్న యంత్రం డిస్కులో నకలు ఉంచడం, మూసినప్పుడు మార్పులను వెనక్కి పంపడం ఆ వ్యవస్థ పద్ధతి. ఆ బృందానికి 2016 సంవత్సరపు ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు దక్కింది.

నకలు ఎలాగూ నా డిస్కులోనే ఉన్నప్పుడు, నెట్‌వర్క్ తెగిపోతే నా పని ఎందుకు ఆగాలి? 1987లో మొదలైన కోడా అనే తర్వాతి ప్రాజెక్టు పుట్టింది ఈ ప్రశ్న నుంచే. విద్యార్థిగా ఉన్న జేమ్స్ కిస్ట్లర్, సత్యనారాయణన్ కలిసి రాసిన కోడా పరిశోధన పత్రం 1991లో వెలువడింది. నా దృష్టిలో ఈ కథకంతటికీ ఆయువుపట్టు అదే. అందులో వాడుకరి ముందుగా ఒక జాబితా రాసుకుంటారు: ఏ ఫైళ్లు, ఏ ఫోల్డర్లు తన దగ్గర ఉండి తీరాలి, వాటిలో దేనికెంత ప్రాధాన్యం. యంత్రం ఆ జాబితాను, ఈమధ్య ఏ ఫైళ్లు వాడారన్న తన సొంత లెక్కను కలిపి బేరీజు వేసి, పది నిమిషాలకోసారి డిస్కును సరిచూసుకుంటుంది. ఏ పనికి ఏ ఫైళ్లు కావాలో మనకే పూర్తిగా తెలియకపోవచ్చు కదా. అందుకని పని మొదలుపెట్టేటప్పుడు, ముగించేటప్పుడు ఒక మాట చెబితే, మధ్యలో తాకిన ఫైళ్లన్నిటినీ గమనించి రాసిపెట్టే ఏర్పాటు కూడా చేశారు. ఒకటి రెండు రోజులు నెట్‌వర్క్ లేకుండా పనిచేయడానికి 100 మెగాబైట్ల డిస్కు తమకు సరిపోయిందని, తిరిగి కలుపుకున్నాక మార్పులు అవతలికి చేరడానికి సుమారు ఒక నిమిషం పట్టిందని వాళ్లు రాశారు. నేడు ఫోన్‌తో తీసిన ఒక్క వీడియో ఆ డిస్కును నింపేస్తుంది.

వాళ్లు వేసిన ఇంకో అడుగు సాహసమైనది. నెట్‌వర్క్ లేనప్పుడు ఇద్దరు మనుషులు ఒకే ఫైలును చెరో రకంగా మార్చేస్తే ఎలా? ఆ భయంతో ముందే తాళాలు వేయవచ్చు. వాళ్లు వేయలేదు. ఆండ్రూ వాడకాన్ని కొలిచి చూస్తే, నూటికి 99కి పైగా మార్పులు అంతకుముందు ఆ ఫైలును మార్చిన మనిషే చేసినవని తేలింది. కాబట్టి పని సాగనిద్దాం, గొడవ వస్తే అప్పుడు తేల్చుకుందాం అన్నారు. ఇప్పుడు డ్రాప్‌బాక్స్‌లో అప్పుడప్పుడు కనిపించే 'కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ' ఆ ఆలోచన సంతానమే.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఒక ఫైలు సర్వర్‌లో ఉంది, నా కంప్యూటర్‌లో లేదు. ఎందుకు లేదు? వేరే కంప్యూటర్‌లో కొత్తగా తయారై ఇంకా నా దాకా రాలేదేమో, అలాగైతే తెచ్చిపెట్టాలి. లేక నేనే దాన్ని డిలీట్ చేశానేమో. అలాగైతే సర్వర్‌లోంచి కూడా తీసేయాలి. రెండు వైపులా ఎంత తేరిపార చూసినా జవాబు దొరకదు.

1996లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన ఆండ్రూ ట్రిజెల్, పాల్ మాకెరస్ తెచ్చిన ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము ఈ ప్రశ్నకు దూరంగా ఉండిపోయింది. ఫైలులో మారిన ముక్కలను మాత్రమే పట్టుకుని పంపడం దాని ప్రతిభ. నెమ్మదిగా నడిచే మోడెం లైన్ల కాలంలో అదొక వరం. కానీ నిన్న ఏముందో దానికి గుర్తుండదు. అందుకే అవతల అదనంగా ఉన్న ఫైళ్లను తీసేయమని మనం ప్రత్యేకంగా చెబితే తప్ప దేన్నీ తీసేయదు. తెలియనప్పుడు చెరపకూడదన్న ఆ జాగ్రత్త ఈనాటి ప్రోగ్రాములు కూడా నేర్చుకోదగ్గది.

జ్ఞాపకం ఉంటే ఏమవుతుందో 1998లో బెంజమిన్ పియర్స్, బాలసుబ్రహ్మణ్యం అనే సహ పరిశోధకుడితో కలిసి గణితపరంగా నిర్వచించారు. పియర్స్ బృందం తయారుచేసిన యూనిసన్ ప్రోగ్రాము, ఇరువైపులా ఒకేలా ఉన్న చివరి స్థితిని ఒక పక్కన రాసిపెట్టుకుంటుంది. వేరుపడ్డ అన్నదమ్ములు లెక్కలు చూసుకునేటప్పుడు, కిందటిసారి ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు చేసిన పద్దు ముందు పెట్టుకుంటే తగువు ఎలా తేలుతుందో ఇదీ అంతే. ఫైలు పాత పద్దులో ఉండి ఇప్పుడు నా దగ్గర లేకపోతే నేను డిలీట్ చేసినట్టు. పాత పద్దులోనే లేకపోతే అవతల కొత్తగా పుట్టినట్టు. డ్రాప్‌బాక్స్ ఇంజనీర్లు తమ సింక్ ఇంజన్‌ను రస్ట్ భాషలో తిరగరాసి, 2020లో ఆ వివరాలు ప్రకటించినప్పుడు, దాని గుండెకాయలో కూడా ఈ మూడే ఉన్నాయి: సర్వర్‌లోని స్థితి, కంప్యూటర్‌లోని స్థితి, రెండూ చివరిసారి కలిసిన స్థితి.

డ్రాప్‌బాక్స్ పుట్టుక అందరికీ తెలిసిన కథే. బోస్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లే బస్సెక్కాక పెన్‌డ్రైవ్ మరిచిపోయానని గ్రహించిన డ్రూ హ్యూస్టన్, ఆ ప్రయాణంలోనే కోడ్ రాయడం మొదలుపెట్టానని చెబుతారు. ఎంఐటీలో చదువుతున్న అరాష్ ఫెర్దౌసీతో కలిసి 2007లో కంపెనీ పెట్టారు. 2008 సెప్టెంబరులో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. అందులో ఒకే ఒక ఫోల్డరు. దాంట్లో వేసిందల్లా ప్రతి కంప్యూటర్‌లోకీ వచ్చేస్తుంది. ఎంపికలు లేకపోవడమే దాని అందం. ఉచితంగా ఇచ్చే 2 గిగాబైట్లకు అది బాగానే నడిచింది. 50 గిగాబైట్లు కొనుక్కున్నవాళ్ల సంగతి వేరు. ఆ రోజుల్లోనే 4 గిగాబైట్ల నిల్వతో ఆసుస్ ఈపీసీ లాంటి చిన్న ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. 2010 అక్టోబరులో వచ్చిన 11 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ 64 గిగాబైట్లతో మొదలైంది. క్లౌడ్ పెరుగుతుంటే డిస్కు చిక్కిపోయింది. 2010 డిసెంబరులో వెలువడిన డ్రాప్‌బాక్స్ 1.0లో 'సెలెక్టివ్ సింక్' పేరుతో టిక్కు గడి అడుగుపెట్టింది.

దాంతో ఫైలు లేకపోవడానికి మూడో అర్థం పుట్టింది: ఉంది, కానీ ఇక్కడ వద్దన్నారు. ఈ అర్థాన్ని ఫైళ్లను చూసి ఎవరూ ఊహించలేరు, ప్రోగ్రాము తన దగ్గర విడిగా రాసుకోవాల్సిందే. చిక్కులూ వెంటే వచ్చాయి. 'ఫొటోలు' అనే ఫోల్డరుకు టిక్కు తీసేశాక, కొన్నాళ్లకు మరిచిపోయి అదే చోట 'ఫొటోలు' అని కొత్త ఫోల్డరు చేశారనుకోండి. రెండూ కలిపేయాలా? పాతదాన్ని తుడిచేయాలా? డ్రాప్‌బాక్స్ రెండూ చేయదు. కొత్తదాని పేరు చివర 'సెలెక్టివ్ సింక్ కాన్‌ఫ్లిక్ట్' అని తగిలించి పక్కన పెడుతుంది. చూడ్డానికి చికాకుగానే ఉంటుంది, కానీ ఏదీ పోదు.

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకు మరో సంగతి చెప్పాలి. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వానికి కింద మరో చిన్న గుర్తు చేర్చి. 'చైత్రం' అనే ఫోల్డరు పేరు రెండు పద్ధతుల్లోనూ తెరమీద ఒకేలా కనిపిస్తుంది, లోపలి అంకెలు మాత్రం వేరు. 2017కు ముందు మ్యాక్‌లు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి ఇలాంటి అక్షరాలను విడగొట్టి దాచేది. విండోస్ మనమిచ్చిన రూపాన్నే ఉంచుతుంది. సింక్ ప్రోగ్రాము రెండు రూపాలూ ఒకటేనని గుర్తించకపోతే ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు తయారవుతాయి. డ్రాప్‌బాక్స్ దీనికి 'యూనికోడ్ ఎన్‌కోడింగ్ కాన్‌ఫ్లిక్ట్' అనే ముద్ర వేస్తుంది. అలాంటిది కనిపిస్తే కంగారుపడి డిలీట్ చేయకుండా, ముందు రెండిటినీ తెరిచి చూడండి.

టిక్కు గడికి కొద్ది కాలంలోనే పోటీదారు వచ్చింది. 2013లో విండోస్ 8.1తో వచ్చిన స్కైడ్రైవ్‌లో ఫైళ్ల పేర్లన్నీ కంప్యూటర్‌లో కనిపించేవి; లోపలి సరుకు మాత్రం తెరిచినప్పుడే దిగేది. జాబితా చూసి ఎంచుకునే బాధ లేదు. అయితే పేరు కనిపిస్తే ఫైలు ఉన్నట్టే అనుకోవడం మనిషి సహజం. నెట్ లేని చోట తెరవబోతే తెరుచుకునేది కాదు. కొన్ని ప్రోగ్రాములు కూడా ఈ ఉత్త పేర్లను చూసి తికమకపడ్డాయి. స్కైడ్రైవ్ వన్‌డ్రైవ్‌గా మారాక, 2015లో విడుదలైన విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ ఆ సదుపాయాన్ని తీసేసి ఫోల్డర్లను ఎంచుకునే పద్ధతికి వచ్చింది. అలవాటుపడినవాళ్లు గట్టిగా నిరసన తెలిపారు. 2017 అక్టోబరులో 'ఫైల్స్ ఆన్ డిమాండ్' పేరుతో అది తిరిగొచ్చింది. ఈసారి గుర్తులు స్పష్టంగా ఉన్నాయి: నీలం మేఘమైతే ఫైలు క్లౌడ్‌లోనే ఉంది, నిండు ఆకుపచ్చ వృత్తంలో తెల్ల టిక్కు ఉంటే ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంటుంది. అదే 2017లో డ్రాప్‌బాక్స్ స్మార్ట్ సింక్, గూగుల్ డ్రైవ్ ఫైల్ స్ట్రీమ్ కూడా అదే దారి పట్టాయి.

ఈ రెండు పద్ధతుల్లో ఏది గెలిచిందని అడిగితే, పోటీయే అనవసరమంటాను. మనిషి రాసిన జాబితా, యంత్రం వేసుకున్న వాడకం లెక్క రెండూ కలిసి ఉండాలని కోడా ఎప్పుడో చూపించింది. నిన్న ఏం తెరిచామో యంత్రానికి తెలుసు. రేపు ఇంటర్వ్యూకు ఏ సర్టిఫికెట్ కావాలో, ఊళ్లో కరెంటు, నెట్ రెండూ లేని రోజున ఏ పొలం కాగితం చూపించాలో దానికి తెలియదు. కనుక ముఖ్యమైన ఫోల్డర్ల మీద కుడి క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచమని చెప్పే అధికారాన్ని వదులుకోకండి.

ఇంకొక్క మాట. సింక్‌ను బ్యాకప్ అనుకోవద్దు. మంచి మార్పును ఎంత వేగంగా అన్ని కంప్యూటర్లకూ చేరవేస్తుందో, పొరపాటునూ, వైరస్ పాడుచేసిన ఫైలునూ అంతే వేగంగా చేరవేస్తుంది. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతా, వ్యక్తిగత వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ మూడిట్లోనూ డిలీట్ చేసిన ఫైలును వెనక్కి తెచ్చుకునే గడువు మామూలుగా 30 రోజులు. అందుకని ఈ వారమే ఒకసారి వైఫై ఆపి, మీకు అతి ముఖ్యమైన ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. తెరుచుకోనివాటి ఫోల్డర్లను ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉండేలా ఎంచుకోండి. తర్వాత వాటన్నిటి నకలు, ఏ సింక్‌కూ తగిలించని విడి హార్డ్ డిస్కులో ఒకటి పెట్టుకోండి.