పగటిపూట వెలిగే దీపాలు దేనికి?

విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం మీదుగా ఉత్తరానికి సాగే 30వ నంబరు జాతీయ రహదారి, బస్తర్ ప్రాంతంలో జగదల్‌పూర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ మలుపుల్లోకి దిగుతుంది. ఇలాంటి అడవి దారుల్లో, ఎండలోంచి చెట్ల నీడలోకి చూసే కంటికి ముదురు రంగు కారు వెంటనే ఆనదు. దాన్ని ముందుగానే పట్టిచ్చేవే డే టైమ్ రన్నింగ్ లైట్లు (డీఆర్‌ఎల్).

హెడ్‌లైట్ మనకు రోడ్డును చూపిస్తుంది. డీఆర్‌ఎల్ మన వాహనాన్ని ఎదుటివారికి చూపిస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేస్తే అదే వెలుగుతుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం దీని కాంతి తీవ్రత నేరుగా ఎదురుగా 400 కాండెలాలకు తగ్గకూడదు, ఏ దిశలోనూ 1,200 దాటకూడదు. అంటే పగలు కంటపడాలి, కళ్లు చెదరగొట్టకూడదు.

చాలా కార్లలో కనుబొమలా మెరిసే తెల్లని గీత వెనుక ఉండేవి కొద్దిపాటి ఎల్‌ఈడీలే. వాటి కాంతి పారదర్శక ప్లాస్టిక్ కడ్డీలో సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ ప్రయాణిస్తుంది. కడ్డీ వెనుకనున్న సన్నని గాట్ల వద్ద దారి మళ్లి బయటికొస్తుంది. అందుకే విడివిడి చుక్కలుగా కాక ఒకే గీతగా కనిపిస్తుంది.

ఐరోపాలో 2011 ఫిబ్రవరి నుంచి కొత్త మోడల్ కార్లకు ఇవి తప్పనిసరి. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు పగలూ హెడ్‌లైట్ వెలిగే ఏర్పాటు వచ్చింది.

ఒక జాగ్రత్త: చాలా కార్లలో డీఆర్‌ఎల్‌తో పాటు వెనుక దీపాలు వెలగవు. వాన, పొగమంచు, మునిమాపు వేళల్లో ముందు వెలుగు చూసి మోసపోకుండా హెడ్‌లైట్ స్విచ్ వేయాలి. లేకుంటే వెనుక వచ్చే లారీకి ఆ కారు కనిపించకపోవచ్చు.