శైశవమున తిండి కొఱఁత

బిడ్డ పొట్టిగా నున్నచో వంశలక్షణమందుము. అన్ని యెడల నది నిజము కాదు. తిండి చాలని బిడ్డకు మెదడు క్రింది గ్రంథి వృద్ధిరసమును విడుచుచునే యుండును. దానికి బదులుగా కాలేయము పుట్టింపవలసిన రెండవ రసము చాలదు; ఎముక సాగదు.

హైదరాబాదు చేరువ 15 పల్లెలలో 1987 మొదలు 1990 వఱకు గర్భిణులకును ఆఱేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయా పిండి ఉప్మా పెట్టిరి. జాతీయ పోషకాహార సంస్థవారు ఆ పిల్లలను 13 మొదలు 18 ఏండ్ల ప్రాయమున మరల పరీక్షించిరి. ఉప్మా లేని పల్లెల పిల్లలకన్న వారు సుమారు 14 మిల్లీమీటర్లు పొడవు. ఇంతేనా యని నవ్వవలదు. వారి దేహము ఇన్సులినునకు చక్కగా లోఁబడుచుండెను; రక్తనాళములును అంతగా బిగిసియుండలేదు. చక్కెరవ్యాధి, గుండెజబ్బు మొలచుచోటు లివియే.

మన చిరాగ్‌పల్లి కంది యంతయు జహీరాబాదు అంగడికి తోలకమునుపే చూలాలికిని, పసివారికిని ఏఁటికి చాలు పప్పు తీసి యుంచవలెను.