కూర్పులో పుట్టే రసం: ‘కేరాఫ్ కంచరపాలెం’ చిత్రంలో ఎడిటింగ్ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సినిమాలోని భావానికి నటన, సంభాషణ, సంగీతం ఆధారాలని సాధారణంగా భావిస్తాం. దృశ్యాలను ఏ వరుసలో, ఎంత నిడివితో, దేని పక్కన అమర్చారన్న దాని నుంచి కూడా భావం పుడుతుందని ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. భరతుని రససిద్ధాంతంలోని ‘సంయోగం’ అనే భావన ఈ వివరణకు పునాదిగా ఉంటుంది.

కీలకపదాలు: కూర్పు, సంయోగం, రసనిష్పత్తి, సమాంతర కథనం, కంచరపాలెం.

1. ఉపోద్ఘాతం

తెలుగు సినిమా టైటిళ్లలో ఎడిటింగ్‌కు ‘కూర్పు’ అనే మాట చాలాకాలంగా వాడుకలో ఉంది. ‘కట్’ అనే మాట ఈ పనిని తెంచడంగా చూపితే, ‘కూర్పు’ అనే మాట చేర్చడంగా చూపుతుంది. షాట్‌ను ఎక్కడ ఆపాలన్నది పనిలో సగం. దాని పక్కన దేనిని ఉంచాలన్నది మిగిలిన సగం. భావవ్యక్తీకరణకు సంబంధించినంతవరకు ఈ రెండో సగమే కీలకం.

తెలుగు సాహిత్య విద్యార్థి సినిమాను పరిశీలించేటప్పుడు మొదట కథ, పాటలు, సంభాషణలు, భాష వైపు చూస్తాడు. ఇవి కాగితం మీదికి ఎక్కించుకోవడానికి వీలైనవి. కూర్పుకు ఆ వీలు తక్కువ. అందువల్ల కథను కాలక్రమంలో సంగ్రహించి, ఆ సంగ్రహాన్నే సినిమాగా విశ్లేషించే ప్రమాదం ఉంది. ‘కేరాఫ్ కంచరపాలెం’ విషయంలో ఆ పద్ధతి వల్ల జరిగే నష్టం స్పష్టంగా కనిపిస్తుంది.

2. సంయోగం – కూర్పు

విభావ, అనుభావ, వ్యభిచారి భావాల సంయోగం వల్ల రసం నిష్పన్నమవుతుందని భరతుడు నాట్యశాస్త్రంలో ప్రతిపాదించాడు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా రసం కాదు. ఇవి కలిసినప్పుడే రసం సిద్ధిస్తుంది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ప్రబంధం మొత్తాన్ని రసవ్యంజకంగా చర్చించాడు. కథాంశాల ఎంపిక, అమరిక రసానికి అనుగుణంగా ఉండాలన్నది ఆ చర్చలోని సారాంశం.

1920 ప్రాంతంలో రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం ఇదే విషయాన్ని తెర మీద చూపింది. నటుడు మొజూఖిన్ భావరహితమైన ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, మరోసారి ఆడుకుంటున్న పాప పక్కన ఉంచారు. ప్రేక్షకులు ఆ ముఖంలో ఆలోచనను, దుఃఖాన్ని, సంతోషాన్ని చూశారని పుదోవ్‌కిన్ రాశాడు. ముఖం మూడుసార్లూ ఒకటే. మారినది దాని పక్కనున్న దృశ్యం. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, విభావం మారితే అదే ముఖం వేరే అనుభావంగా గోచరించింది.

3. దృశ్యంలో కూర్పు

తెలుగులో దృశ్యస్థాయి కూర్పుకు కె. విశ్వనాథ్ దర్శకత్వంలో వచ్చిన ‘సాగర సంగమం’ (1983) మంచి ఉదాహరణ. దీనికి ఎడిటర్ జి.జి. కృష్ణారావు. నృత్యోత్సవ ఆహ్వానపత్రికలో ప్రముఖ కళాకారుల చిత్రాలను చూస్తూ వచ్చిన బాలుకు చివరికి తన చిత్రం కనిపిస్తుంది. ఆ చిత్రాన్ని మొదటే చూపి ఉంటే అది కేవలం సమాచారం అయ్యేది. పేజీ తర్వాత పేజీగా ఆలస్యం చేయడం వల్ల అది ఉద్వేగమైంది. ‘జెర్సీ’ (2019) చిత్రానికి నవీన్ నూలి ఉత్తమ ఎడిటింగ్ జాతీయ పురస్కారం అందుకున్నారు. అందులో జట్టుకు ఎంపికైన కథానాయకుడు రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి, రైలు వచ్చేదాకా తన ఆనందాన్ని బిగబట్టుకొని, ఆ రైలు హోరులో అరుస్తాడు. ప్రేక్షకుడు కూడా అతనితోపాటు ఆ నిరీక్షణను అనుభవించాలి. దృశ్యం నిడివిని తగ్గిస్తే భావమూ తగ్గిపోతుంది.

4. ‘కేరాఫ్ కంచరపాలెం’: చిత్రస్థాయి కూర్పు

వెంకటేష్ మహా దర్శకత్వంలో, పరుచూరి ప్రవీణ నిర్మాణంలో వచ్చిన ఈ చిత్రానికి ఎడిటర్ రవితేజ గిరిజాల. విశాఖపట్నంలోని కంచరపాలెంలో, ఎక్కువమంది స్థానికులే నటులుగా దీనిని తీశారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల విద్యార్థులకు ఇందులోని యాస ఇంటిభాష వంటిదే. ఎచ్చెర్ల వంటి చోట తరగతిగదిలో ఈ సినిమా గురించి మాట్లాడితే చర్చ సహజంగానే యాస చుట్టూ తిరుగుతుంది. యాస విశ్వసనీయతను కలిగిస్తుందనడంలో సందేహం లేదు. చివర కలిగే ఉద్వేగానికి మాత్రం అది ఒక్కటే కారణంగా చాలదు.

4.1 నాలుగు పాయలు

బడిలో సునీతను ఇష్టపడే సుందరం, భార్గవిని ప్రేమించే జోసెఫ్, మద్యం దుకాణంలో పనిచేస్తూ సలీమా కళ్లను మాత్రమే చూసి ప్రేమించే గడ్డం, నలభై తొమ్మిదేళ్లు వచ్చినా పెళ్లికాని అటెండర్ రాజు – ఈ నలుగురి కథలు ఒకదాని మధ్యలోకి మరొకటి వస్తూ సాగుతాయి. ఇవి ఒకే కాలంలో, ఒకే ఊరిలో జరుగుతున్నాయని ప్రేక్షకుడు అనుకుంటాడు. పక్కపక్కన చూపిన వాటిని ఏకకాలికమైనవిగా గ్రహించడం సమాంతర కూర్పు మనకు నేర్పిన అలవాటు. గ్రిఫిత్ ‘ఇన్‌టాలరెన్స్’ (1916)లో నాలుగు వేర్వేరు యుగాల కథలను ఇలాగే అల్లాడు. అక్కడ కాలభేదం మొదటినుంచీ తెలుస్తుంది. కథలను కలిపేది వాటి ఇతివృత్తం మాత్రమే. ఇక్కడ కాలభేదాన్ని చివరివరకు దాచి, నాలుగూ ఒకే రాజు జీవితంలోని దశలని చివర తెలియజేస్తారు.

4.2 కూడుకునే శోకం

మూడు ప్రేమలూ విఫలమవుతాయి. సునీత దూరమవుతుంది, భార్గవికి వేరే పెళ్లి జరుగుతుంది, సలీమా మరణిస్తుంది. చూస్తున్నప్పుడు ఈ దుఃఖాలు ముగ్గురు మనుషుల మధ్య పంచుకున్నట్టు ఉంటాయి. చివరి వెల్లడితో అవన్నీ ఒక్క మనిషి మీదికి చేరుతాయి. ఆ క్షణంలో కొత్త విషాద సంఘటన ఏదీ జరగదు. అప్పటికే చూసిన దృశ్యాలు ప్రేక్షకుడి మనసులో మళ్లీ కూర్చబడతాయి. రాధతో రాజు పెళ్లి అప్పటిదాకా ఆలస్యంగా జరిగిన ఒక పెళ్లి. ఇప్పుడది మూడు నష్టాల తర్వాత కూడా ప్రేమించగలిగిన మనిషి సాధించుకున్నది. శృంగారం కరుణ మీదుగా ప్రయాణించి మళ్లీ శృంగారంలో స్థిరపడుతుంది.

ఇదే కథను కాలక్రమంలో చెబితే, మూడుసార్లు ప్రేమను కోల్పోయిన వ్యక్తికి నాలుగోసారి పెళ్లయిందన్న సమాచారం మిగులుతుంది. సంఘటనలు అవే ఉంటాయి గాని రసం ఉండదు.

4.3 పేర్లు – ప్రేక్షకుడి పాత్ర

నలుగురూ ఒకరేనని మనం ఎందుకు ఊహించలేదు? సుందరం, జోసెఫ్ అన్న పేర్లు వినగానే వారిని వేర్వేరు మతాల ఇళ్లలో ఉంచాం. పేరును బట్టి మనిషిని నిర్ణయించే మన అలవాటు మీదే ఈ కూర్పు ఆధారపడింది. చివరి విస్మయంలో కథానాయకుడి మీద కరుణతోపాటు మన ఊహల మీద మనకు కలిగే సందేహం కూడా ఉంది. కులమతాల గురించి ఈ చిత్రం చేసే విమర్శలో ఒక ముఖ్యభాగం సంభాషణల్లో కాక, ఈ అల్లికలో ఉంది.

5. ఒక ఆక్షేపణ

ఈ అల్లిక స్క్రీన్‌ప్లే రచనకు చెందినదే గాని ఎడిటింగ్‌ది కాదనవచ్చు. నాలుగు కథలను అల్లాలన్న నిర్ణయం రచయితదే. అయితే ఒక కథను ఏ చూపు దగ్గర విడిచి, మరో కథను ఏ శబ్దంతో అందుకోవాలి, ప్రతి పాయ ఎంతసేపు కనుమరుగైతే ప్రేక్షకుడు దానిని మరిచిపోకుండా ఎదురుచూస్తాడు అనేవి షాట్లు చేతికి వచ్చాక తేలే విషయాలు. రచన సంయోగాన్ని సంకల్పిస్తే, కూర్పు దానిని నెరవేరుస్తుంది.

6. ముగింపు

1. సినిమాలో భావం ఒక్కొక్క దృశ్యంలోనే కాక, దృశ్యాల సాన్నిధ్యంలోను, క్రమంలోను, నిడివిలోను ఉత్పన్నమవుతుంది.

2. ‘కేరాఫ్ కంచరపాలెం’లో చివరి ఉద్వేగానికి మూలం, చూసినదానినే మళ్లీ కూర్చుకొనేలా ప్రేక్షకుడిని చేయడం.

3. సినిమాను పరిశోధనాంశంగా తీసుకున్నవారు కథాసంగ్రహంతోపాటు దృశ్యక్రమ పట్టికను కూడా సిద్ధం చేసుకోవడం అవసరం. ఏ దృశ్యం తర్వాత ఏది వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏ కథ ఎక్కడ ఆగింది అన్న వివరాలు ఆ పట్టికలో ఉండాలి. కావ్యాన్ని గద్యసారాంశం ఆధారంగా పరిశీలించడాన్ని సాహిత్య విద్యార్థులు అంగీకరించరు. సినిమాకూ అదే ప్రమాణం వర్తించాలి.