తీగ తెంచుకున్న మా రోబో

కిందటేడు వార్షికోత్సవంలో మా రోబో వెనకాల ఒకడు తీగ పట్టుకుని పరుగెత్తడం చూసి మీరంతా నవ్వారు. "రోబోను మీరు నడుపుతున్నారా, మిమ్మల్ని అది నడుపుతోందా?" అని ఒక పూర్వ విద్యార్థి అన్న అడిగితే మా దగ్గర జవాబు లేదు. ఈ ఏడు ఆ తీగ తీసేశాం. తమ్ముళ్లకు పనికొస్తుందని ఎలా చేశామో రాస్తున్నాం.

బ్లూటూత్ మాడ్యూల్ పెడితే సులువే, కానీ దాన్ని నడపడానికి ఫోను కావాలి. మన హాస్టల్లో ఫోను సంగతి మీకు తెలిసిందే! అందుకే పాత పద్ధతి పట్టుకున్నాం. 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, రిసీవర్ జత. హెచ్‌టీ12ఈ ఎన్‌కోడర్, హెచ్‌టీ12డీ డీకోడర్. మోటార్లు తిప్పడానికి ఎల్293డీ. ఇలాంటివి హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

రిమోట్‌లో బటన్ నొక్కితే ఎన్‌కోడర్ 8 బిట్ల చిరునామా, 4 బిట్ల ఆజ్ఞ వరుసగా పంపుతుంది. హాజరు పిలిచినప్పుడు ఎవరి పేరుకు వాళ్లే పలికినట్టు, డీకోడర్ తన చిరునామా వస్తేనే పలుకుతుంది. అదీ మూడుసార్లు సరిచూసుకున్నాకే. ఇలా 256 చిరునామాలు పెట్టుకోవచ్చు. అయితే రెండు రిమోట్లు ఒకేసారి నొక్కితే మాత్రం ఏ రోబోకూ సరిగా వినపడదు. 5 వోల్టుల దగ్గర ఎన్‌కోడర్‌కు 1 మెగోమ్, డీకోడర్‌కు 51 కిలోఓమ్ రెసిస్టర్లు వేయాలి. యాంటెన్నాకు 17 సెంటీమీటర్ల తీగ చాలు, తరంగం పొడవులో అది నాలుగో వంతు. మేము మొదట అందంగా ఉంటుందని చుట్ట చుట్టాం. గది దాటలేదు. నిటారుగా నిలబెడితే డైనింగ్ హాలు దాటింది.

అసలు కష్టం తర్వాత మొదలైంది. మోటార్లు లేకుండా చూస్తే బటన్ నొక్కగానే ఎల్ఈడీ వెలిగేది. మోటార్లు కలపగానే రోబో ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయేది. షాపువాడు చెడ్డ రిసీవర్ అంటగట్టాడని తిట్టుకుని, కొత్త జతకు మళ్లీ చందాలు పోగేశాం. ఆ డబ్బులు ఎవరి దగ్గరా ఊరికే వచ్చినవి కావు. ఈలోగా పాలిటెక్నిక్ చదివే అన్న వచ్చి మల్టీమీటర్ పెట్టాడు. మోటారు కదిలిన క్షణంలో 6 వోల్టుల బ్యాటరీ 4 కిందికి పడిపోతోంది! రిసీవర్‌ది ఏ తప్పూ లేదు, దానికి తిండి అందడం లేదు. రిసీవర్‌కూ డీకోడర్‌కూ వేరే బ్యాటరీ పెట్టి, 7805 రెగ్యులేటర్‌తో 5 వోల్టులిచ్చాం. రెండు బ్యాటరీల మైనస్ తీగలు కలపడం మరవకండి. మోటారు బ్రష్‌ల నిప్పురవ్వలు కూడా రేడియోకు అడ్డమే కాబట్టి ఒక్కో మోటారుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికించాం. చందాలు ఎవరివి వాళ్లకు తిరిగిచ్చేశాం.

ఇంకొక ప్రమాదం ఉంది. సిగ్నల్ అందకపోయినా డీకోడర్ చివరి ఆజ్ఞనే పట్టుకుని ఉంటుంది. వరండాలో దూరం దాటిన మా రోబో ఆగకుండా పోయి సాంబారు గిన్నెను గుద్దింది. అది ఖాళీది కాబట్టి బతికిపోయాం. డీకోడర్ 17వ పిన్ సరైన సిగ్నల్ వస్తున్నంతసేపే పైకి లేచి ఉంటుంది. దాన్ని ఎల్293డీ 1, 9 పిన్నులకు కలిపాం. ఇప్పుడు మాట వినపడకపోతే రోబో ఉన్నచోటే ఆగుతుంది.

రోబో, రిమోట్ వార్డెన్ సారు బీరువాలో ఉన్నాయి. అడిగి తీసుకోండి. బ్యాటరీలు మాత్రం మీరే తెచ్చుకోవాలి.