రేకుల కప్పు: మేకు రంధ్రము కథ

పాతబడిన రేకుల కప్పు క్రింద మిట్టమధ్యాహ్నము నిలుచుండి పైకి చూచినచో అక్కడక్కడ వెలుగుచుక్కలు కనబడును. వాటిలో పెక్కు మేకులు దిగిన చోటులనే ఉండును. రేకు నడుమ చెక్కుచెదరక, మేకు చుట్టు మాత్రమే చిల్లిపడుటకు కారణమేమి?

ముడతల రేకునకు 1829లో ఇంగ్లండులో హెన్రీ పామర్ అను ఇంజనీరు పేటెంటు పొందెను. కరిగిన జింకులో ముంచి ఇనుమునకు పూత పెట్టు పద్ధతికి 1837లో ఫ్రాన్సులో సోరెల్ పేటెంటు పొందెను. ముడత వలన పలుచని రేకునకు బిగువు, జింకు వలన ఆయువు కలిగినవి.

జింకు పూత రంగు పూతవంటిది కాదు. రంగు గీసుకొనిపోయినచోట ఇనుము వెంటనే తుప్పుపట్టును. జింకు ఇనుముకన్న సులభముగా ఎలక్ట్రానులను విడుచును గనుక, గీతపై తడి చేరినపుడు చుట్టునున్న జింకే కరిగిపోవుచు ఇనుమును కాపాడును. తరగతిలో దీనిని చూపవచ్చును. రెండు ఇనుప మేకులను తీసికొని, ఒకదానికి జింకు ముక్కను, రెండవదానికి రాగి తీగను చుట్టి, వేరువేరు గాజుగ్లాసులలో ఉప్పునీట ఉంచుడు. కొలది దినములలో రాగి చుట్టిన మేకు ఎఱ్ఱబారును. జింకు చుట్టినది నిలుచును. జింకు రేకునకు రాగి మేకులు వాడరాదనుటకు ఇదే కారణము.

అయితే ఈ త్యాగమునకు హద్దు కలదు. రంధ్రము వద్ద నీరు నిలిచినచో అచటి జింకు త్వరగా హరించును. ఆపైన ఇనుము వంతు. అందుచేత ముడతల రేకునకు మేకును నీరు పారు పల్లములో కాక మిట్టపై దింపవలెను. తలక్రింద వాషరు ఉండవలెను. బలము చూపి మిట్ట అణగునట్లు బిగించినచో అదియే చిన్న గుంటయై నీటిని నిలుపును. పైగా 3 మీటర్ల రేకు 40 డిగ్రీల వేడిమి తేడాకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు సాగును. ప్రతిదినము జరుగు ఈ కదలిక వలన రంధ్రము మెల్లగా వెడల్పగును.

వెడల్పైన రంధ్రము కారుటతో పోవదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానులో గాలి గంటకు 170-180 కిలోమీటర్ల వేగముతో వీచినది. అట్టి గాలి కలిగించు పీడనము చదరపు మీటరునకు సుమారు 150 కిలోల బరువుతో సమానము. కప్పు అంచులలో, మూలలలో, నడికొప్పున పైకి లాగు బలము ఇంచుమించు ఆ స్థాయికి చేరగలదు. అరమిల్లీమీటరు మందముగల రేకు బరువో, చదరపు మీటరునకు 5 కిలోలైనను మించదు! దానిని పట్టియుంచునది మేకే. ఎగిరిన రేకు కత్తివలె మనుష్యులను నరుకును. కనుక అంచులలో మేకులను దగ్గరదగ్గరగా వేయుట పిసినారితనము చూపదగిన చోటు కాదు.

మరమ్మతుకు మనవారు సాధారణముగా చిల్లిపై తారు పులుముదురు. అది ఎండకు పగిలి, పగుళ్లలో తడిని దాచి, తుప్పును పెంచును. తుప్పును తీగబ్రష్షుతో గీకి, జింకు పొడి కలిసిన రంగు వేసి, రంధ్రము కొద్దిపాటిదైనచో లావు మరమేకును, వెడల్పు వాషరును అమర్చవలెను. అంతకుముందు క్రింది పట్టెను పరీక్షింపవలెను. కుళ్లిన కొయ్యలో ఏ మేకును నిలువదు. చిల్లి పెద్దదైనచో రేకునే మార్చుట మేలు. క్రొత్త రేకు పై అంచు ఎగువ రేకు క్రిందికి పోవలెను. ప్రక్క అంచు వానగాలికి ఎదురుగా తెరచుకొనరాదు.

తడిసిన రేకుపైకి ఎక్కకుడు. పొడిగా ఉన్నపుడైనను మేకుల వరుస వెంటనే, అనగా క్రింద పట్టె ఉన్నచోటనే, అడుగు వేయవలెను.