పసిపిల్లలతో ప్రయాణమా? నీళ్ళు మాన్పించకండి!

వేసవి సెలవులలో మద్దికెర నుండి గుంతకల్లు చేరి, రైలెక్కి హొసపేటలో దిగి హంపికి వెళ్ళాము. విఠలాలయంలోని రాతిరథాన్ని చూచి పెద్దవాడు గంతులు వేయుచుండగా, మూడేండ్ల పాపకు విరేచనాలు మొదలైనవి. నీళ్ళిస్తే అవి ఇంకా ఎక్కువవుతాయని భయపడి, రెండు గంటలసేపు గుక్కెడైనా ఇవ్వలేదు. పెదవులు ఎండిపోయినవి. ఏడ్చినా కన్నీరు రాలేదు.

అప్పుడు మా అత్తగారు మందలించారు: "కారే కుండలో నీళ్ళు పోయకుంటే మిగిలేదేముందమ్మా?"

కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన టీ చెంచాలతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా పట్టించాము. వాంతి అయినప్పుడు పది నిమిషాలు ఆగి మరల ఇచ్చాము. సాయంత్రానికి మూత్రం వచ్చింది, పాప నవ్వింది.

ఉప్పు కొలత మించితే ప్రమాదం. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే అదే మేలు. దానిపై వ్రాసిన కొలత నీటిలో పొట్లమంతా కలపాలి. కలిపిన నీటిని 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు, ఆహారం మాన్పించరాదు. వరి పేలాలతో కాచిన లాజమండం అతిసారంలో పథ్యమని ఆయుర్వేదం చెబుతున్నది.

మలంలో రక్తం, గుంటలు పడిన కళ్ళు, మగత, ఏమీ త్రాగలేకపోవడం కనబడితే ఇంటివైద్యంతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను.

ఇప్పుడు ఏ ప్రయాణానికైనా బట్టలకంటె ముందు ఆ పొట్లాలనే సంచిలో సర్దుతాను.